ఫ్లెక్స్‌ప్లేట్, టార్క్ కన్వర్టర్ జత: చరిత్ర, విశాఖలో వాడకం

టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న బండిలో ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ కాలితో తొక్కే క్లచ్ ఉండదు. ఆ చోట నూనెతో నిండిన కన్వర్టర్ ఉంటుంది. దాన్ని క్రాంకుషాఫ్టుకు బిగించే పల్చని ఉక్కు బిళ్ళే ఫ్లెక్స్‌ప్లేట్. గేరుబాక్సు మార్చినప్పుడు కొత్తది ఇంజనుకు నప్పిందా లేదా అన్నది చాలామటుకు ఈ రెండింటి దగ్గరే తేలుతుంది. గేరుబాక్సు ముందరి డొల్ల అయిన బెల్‌హౌసింగ్ బోల్టులు కూర్చున్నంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. విశాఖపట్నంలో ఈ జతతో ఎక్కువ పని పడేది కార్లకంటే రేవులో, ఉక్కు కర్మాగారంలో తిరిగే భారీ యంత్రాలకే.

నిజానికి ఈ పరికరం పుట్టింది ఓడల కోసం. ఆవిరి టర్బైను మహావేగంగా తిరుగుతుంది. ఓడ ప్రొపెల్లరు నెమ్మదిగా తిరిగితేనే నీటిని సరిగా నెడుతుంది. ఈ తేడాను ద్రవం సాయంతో సర్దే ఉపాయానికి జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్నాడు. అప్పుడాయన స్టెట్టిన్‌లోని వల్కన్ నౌకానిర్మాణశాలలో పనిచేస్తున్నాడు. పళ్ళచక్రాల తయారీ మెరుగుపడేసరికి ఓడలకు దీని అవసరం తగ్గింది. నేల మీద మాత్రం బస్సులు, రైలింజన్లు, కార్లు దీన్ని అందిపుచ్చుకున్నాయి. 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్ గేరుబాక్సులో ఉన్నది ద్రవ కప్లింగు మాత్రమే. అది తిప్పుడు బలాన్ని అందిస్తుంది గానీ పెంచలేదు. పెంచగల అసలైన కన్వర్టరు అమెరికాలో పెద్దఎత్తున తయారైన కార్లలోకి 1948లో బ్యూయిక్ డైనాఫ్లోతో వచ్చింది. ఓడల కోసం పుట్టిన కన్వర్టరు, ఓడలు కట్టే విశాఖలో మాత్రం ఎక్కువగా నేల మీది యంత్రాల్లోనే కనిపిస్తుంది.

మన దేశానికీ ఈ చరిత్రలో చోటుంది. రైల్వే ఇంజనీరు మన్ మోహన్ సూరి రూపొందించిన ‘సూరి ట్రాన్స్‌మిషన్’లో బండి కదిలేటప్పుడు కన్వర్టరు పనిచేస్తుంది, వేగం అందుకున్నాక ఇంజను నేరుగా చక్రాలకు ముడిపడుతుంది. నూనెలో వృథా అయ్యే శక్తి అలా మిగులుతుంది. నేటి కార్లలోని లాకప్ క్లచ్ వెనుక ఉన్నదీ ఈ ఆలోచనే. చిత్తరంజన్ కర్మాగారంలో తయారైన డబ్ల్యూడీఎస్-4 షంటింగ్ ఇంజన్లు ఈ ట్రాన్స్‌మిషన్‌తో నడిచాయి.

ఇక విశాఖకు వస్తే, ఇక్కడి రేవు 1933లో మొదలైంది. ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. కంటైనర్ టెర్మినల్ 2003లో పని ప్రారంభించింది. వీటిలో కంటైనర్లు ఎత్తే రీచ్‌స్టాకర్లు, ఖనిజం తోడే లోడర్లు, డంపర్లు రోజంతా ముందుకూ వెనక్కూ ఆడుతూనే ఉంటాయి. బరువు ఎత్తి ఉంచి అంగుళం అంగుళం జరగాలి. ఆ పని మామూలు క్లచ్‌తో చేస్తే దాని ప్లేటు ఎంతోకాలం నిలవదు. కన్వర్టరులో ఇంజను వైపు పంపు నూనెను విసురుతుంది, ఎదురుగా ఉన్న టర్బైను దాన్ని అందుకుంటుంది, మధ్యలోని స్టేటరు తిరిగివచ్చే నూనెను మళ్ళించి బలం పెంచుతుంది. అలా జరిగేటప్పుడు రాపిడికి అరిగే క్లచ్ ప్లేటు ఇందులో ఉండదు. వేడి మాత్రం తప్పదు, అందుకే నూనె కూలరు అంత ముఖ్యం.

ఈ భారీ యంత్రాల లోకంలో జత కుదర్చడం కొంత సులువు. ఫ్లైవీల్ హౌసింగులకు ఎస్‌ఏఈ (ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం) నంబర్లున్నాయి. నంబరు తగ్గేకొద్దీ హౌసింగు పెద్దదవుతుంది: 3వ నంబరు లోపలి వ్యాసం 409.58 మి.మీ., 1వ నంబరుది 511.18 మి.మీ. ఇంజను ఏ కంపెనీదైనా నంబరు కలిస్తే హౌసింగు కలుస్తుంది. చాలా లోడర్లలో ఒక్క బిళ్ళకు బదులు పల్చని బిళ్ళలు రెండు మూడు ఒకదానిపై ఒకటి పేర్చి ఫ్లైవీలుకు బిగిస్తారు. హౌసింగుకున్న చిన్న కిటికీలోంచి ఇంజను చేత్తో తిప్పుతూ ఒక్కో బోల్టూ పెట్టాలి. డయల్ గేజితో ఫ్లైవీలు వంకర, క్రాంకు ముందువెనుకల ఆట చూడకుండా బిగించడం తొందరపాటు.

కార్లకు అలాంటి ఉమ్మడి నంబర్లు లేవు. ఒకే కంపెనీ ఇంజన్ల మధ్య కూడా తేడాలుంటాయి. జనరల్ మోటార్స్ పాత షెవ్రొలే వి8లలో ప్లేటు చుట్టూ పళ్ళు 153 ఉన్నవీ ఉన్నాయి, 168 ఉన్నవీ ఉన్నాయి. స్టార్టరు దానికి తగ్గట్టు ఉండాలి. కన్వర్టరు బోల్టుల వలయం 10.75 అంగుళాలు కావచ్చు, 11.5 కావచ్చు. 1986లో క్రాంకు వెనుక సీలు మారడంతో ప్లేటు బోల్టుల వలయమూ చిన్నదైంది. 400 ఘనపుటంగుళాల ఇంజనులో తూకపు బరువులో కొంత ప్లేటు మీదే ఉంటుంది. దానికి 350 ఇంజను ప్లేటు వేస్తే బండంతా వణుకుతుంది. 1997లో వచ్చిన ఎల్‌ఎస్ ఇంజన్లలో చాలావాటికి క్రాంకు కొస 0.4 అంగుళం లోపలికి జరిగింది కాబట్టి, పాత గేరుబాక్సు తగిలించాలంటే నడుమ స్పేసరు వేయాలి.

ప్లేటు పల్చగా ఉండటం పిసినారితనం కాదు. బరువు మోసి తిప్పుడు నిలకడ ఇచ్చే పని నూనెతో నిండిన కన్వర్టరే చేస్తుంది. ఒత్తిడికి దాని డొల్ల ఉబ్బుతుంది, ముందుకు జరుగుతుంది. ఆ కదలికకు ప్లేటు వంగి ఇవ్వాలి. లేకపోతే ఆ తోపు క్రాంకు థ్రస్టు బేరింగు మీద పడుతుంది. కన్వర్టరు ముక్కు క్రాంకు మధ్య రంధ్రంలో వదులు లేకుండా కూర్చోవాలి, వెనుక మెడ గేరుబాక్సు నూనె పంపును పట్టుకోవాలి. అమెరికన్ గేరుబాక్సుల్లో చాలావాటికి బెల్‌హౌసింగ్ ఇంజనుకు ఆనుకున్నాక కన్వర్టరు ప్లేటుకు 3 నుంచి 5 మి.మీ. దూరంలో ఉండి, చేత్తో ముందుకు లాగితే రావాలి. హౌసింగు మధ్య సందు మిగిలితే బోల్టులు బిగించి మూయడం పెద్ద పొరపాటు. అలా మూస్తే ఇంజను స్టార్టు చేసేలోపే పంపు పగిలిపోవచ్చు.

మన రోడ్ల మీద ‘ఆటోమేటిక్’ అని అమ్ముడయ్యే కార్లన్నిటికీ ఈ గొడవ లేదు. 2014లో మారుతి సెలెరియోతో ప్రచారంలోకి వచ్చిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) గేరుబాక్సుతో ఉన్నది మామూలు ఫ్లైవీలు, క్లచ్చే. వాటిని నడిపేది మాత్రం యంత్రం. మాన్యువల్ కారును కన్వర్టరు రకానికి మార్చాలంటే ఫ్లైవీలు, క్రాంకులోని పైలట్ బుష్ తీసేయాలి, ప్లేటుకు తగిన పొట్టి బోల్టులు వాడాలి. చాలా కొత్త కార్లలో కంప్యూటరును కూడా మార్చాల్సి వస్తుంది.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అయితే కర్మాగారంలో గానీ, మరో ఆవరణలో గానీ మాత్రమే వాడేందుకు ప్రత్యేకంగా తయారైన వాహనం ఆ చట్టంలోని ‘మోటారు వాహనం’ నిర్వచనంలోకి రాదు. కంచె దాటని యార్డు యంత్రాల గేరుబాక్సు మార్పిడికి ఈ సెక్షను అడ్డు కాదు.