కమాను కథ

పెద్దపల్లి జిల్లాలోని కమాన్‌పూర్ దారిని బొగ్గు లారీలు పోవునపుడు చక్రముల మీదుగా, ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు కనిపించును. వానిని మన డ్రైవర్లు కమాను పట్టీలందురు. ఇంగ్లీషువారి స్ప్రింగునకు తెలుగునాట వాడుకలో నున్న పాతమాట కమానే. పారసీకమున కమాను అనగా విల్లు. ఊరి పేరులోని కమాను సంగతిని స్థలనామముల పండితులకు విడిచి, మనము లారీ క్రింది కమానును పట్టుకొందము.

ఆ పేరు పెట్టినవారెవరో గాని వస్తుతత్త్వ మెరిగి పెట్టిరి. మానవుడు చేసిన తొలి స్ప్రింగులలో విల్లు ఒకటి. చేతి బలమును వంగిన వెదురులో నిలువచేసి, కోరిన క్షణమున ఒక్కమారుగా విడుచుట దాని పని. నేడు చంద్రుని మీదికి, అంగారకుని మీదికి పోవు మరమనుషుల కీళ్లలో జరుగునదియు నిదియే. భేదమొక్కటి. లారీ పట్టీ విరిగినచో గోదావరిఖని షెడ్డులో మేస్త్రీ ఒక పూటలో మార్చివేయును. రోదసిలో మేస్త్రీ లేడు.

ఈ బలమునకు లెక్క కట్టినవాడు ఇంగ్లండు దేశపు రాబర్ట్ హుక్. 1676లో ఆయన తన సూత్రమును అక్షరములు తారుమారు చేసి పొడుపుకథగా అచ్చువేసి, 1678లో గాని విప్పి చెప్పలేదు. ఇతరులు తన్నుకొనిపోవుదురని అనుమానము కాబోలు! సూత్రము చిన్నది: బలమెంతయో సాగుదల యంత. కాని వేడికి ఉక్కు మెత్తబడును, చలికి బిగిసికొనును. అందుచేత గడియారము వేసవిలో వెనుకబడును. గడియారపు పనివారిని తరతరములు వేధించిన ఈ చిక్కునకు స్విట్జర్లాండులో పుట్టిన షార్ల్ గియోమ్ నికెలు కలిపిన ఉక్కులలో విరుగుడు కనుగొనెను. ఆయన చేసిన ఎలిన్వార్ అను మిశ్రలోహము ఎండకును చలికిని తన బిగువును ఇంచుమించు మార్చుకొనదు. ఆ కృషికి 1920లో నోబెల్ బహుమానము లభించినది. సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినదియు ఆ యేడే.

వ్యోమనౌకలో మోటారు పెట్టవచ్చును గదా, స్ప్రింగెందులకు? మోటారుకు కరెంటు కావలెను. కరెంటునిచ్చు సౌరఫలకములు విచ్చుకొనువరకు బ్యాటరీలోని కొద్దిపాటి శక్తిని పొదుపుగా వాడుకొనవలెను. కావున ఫలకములను మడిచి, కీళ్లలోని స్ప్రింగులను మెలిపెట్టి, కట్టు వేసి రాకెట్టులో నెక్కింతురు. పైకి చేరిన పిదప కట్టు తెగును. మెలి విడిన స్ప్రింగులు రెక్కలను తెరచును. బలము చాలకున్న, చలికి బిగిసిన కీలు దానిని మధ్యలోనే ఆపివేయును. బలము మించిన, రెక్క విసురుగా వచ్చి కొసన తాకి దెబ్బతినును. ఉపగ్రహమును రాకెట్టు నుండి నెట్టు స్ప్రింగులలో ఒకటి తక్కినవానికన్న గట్టిగా నెట్టెనా, అది పల్టీలు కొట్టుచు పోవును. అందుకే ఒక్కొక్కదానిని కొలిచి, సరిజోడు చూచి, శూన్యపు గదిలో వేడిని చలిని మార్చి మార్చి పరీక్షింతురు.

ఇదంతయు చాదస్తమని తోచినవారు 1981, 1982 సంవత్సరములను తలచుకొనవలెను. 1981 జూన్ 19న ఏరియన్ రాకెట్టుపై వెళ్లిన మన ఆపిల్ ఉపగ్రహమునకు రెండు రెక్కలలో ఒకటి తెరచుకొనలేదు. ఒంటిరెక్కతోనే మన ఇంజనీర్లు దానిని రెండేండ్లకు పైగా నడిపిరి. మరుసటి యేడు ఇన్సాట్-1ఎ కు ఆ భాగ్యము లేకపోయెను. అది 1982 ఏప్రిల్ 10న బయలుదేరినది. ఒక ఆంటెనా మొదట మొరాయించి, తంటాలు పడిన మీదట కదలినది. సూర్యకాంతి ఒత్తిడిని సరితూచుటకై యుంచిన తెర మాత్రము విచ్చుకొననే లేదు. సెప్టెంబరులో, దిశను నిలుపు ఇంధనము అయిపోయి, ఆ ఉపగ్రహమును వదలుకొనవలసి వచ్చినది. దోషము స్ప్రింగుదే యని చెప్పుట నా యుద్దేశము కాదు. తెగవలసిన కట్టు, తిరుగవలసిన కీలు, నెట్టవలసిన స్ప్రింగు, ఈ మూటిలో ఏది మొండికెత్తినను ఫలితమొకటే.

రేడియోవారికి ఈ కథ పరాయిది కాదు. కార్యక్రమములను కేంద్రము నుండి కేంద్రమునకు అందించుట ఇన్సాట్‌కు అప్పగించిన పనులలో నొకటి. అంతకుముందు ఢిల్లీ వార్తలను ప్రాంతీయ కేంద్రములు హ్రస్వతరంగములపై పట్టి, ఆ గరగరతోనే మరల వినిపించెడివి. 1983 ఆగస్టు చివర చాలెంజర్ నౌక నుండి విడిచిన ఇన్సాట్-1బి కూడ రెక్క విప్పుటకు కొన్నాళ్లు ఇబ్బందిపెట్టి, సెప్టెంబరులో గాని దారికి రాలేదు. గనికార్మికుని యింట ఢిల్లీ గొంతు తేటపడుటకు ఒక రెక్క తెరచుకొనవలసి యుండెను!

ఇట్టి యంత్రములకు వలయు ప్రత్యేకపు ఉక్కులు, టైటానియము మిశ్రమములు నేడు హైదరాబాదులోనే తయారగుచున్నవి. 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగమ్ వానిని చేయుచున్నది. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి లేచిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రునిపై దిగినది. అందుండి వాలుపలక మీదుగా జారిన 26 కిలోల ప్రజ్ఞాన్ బండికి ఆరు చక్రములుండెను. లారీ చూచిన కళ్లకు విడ్డూరముగా తోచు సంగతి యేమనగా, ఆ చక్రములపై కమాను పట్టీలవంటి వేవియు లేవు. స్ప్రింగులున్నచో, రాయి యెక్కిన చక్రముపై బరువు పెరిగి తక్కినవానికి పట్టు తగ్గును. కావున కీళ్లపై ఊగు చట్రముతో ఆరింటికిని బరువు పంచిరి. స్ప్రింగు వలదన్న చోట మానుకొనుటయు నేర్పే.

ఇక అంగారకుని మాట. గనిలోనికి దిగినకొలది వేడి పెరుగుట బొగ్గుగని వారికి అనుభవమే. అంగారకుని లోపలి వేడిని అట్లే కొలువవలెనని, 2018 నవంబరు 26న అక్కడ దిగిన ఇన్‌సైట్ నౌకతో జర్మను శాస్త్రజ్ఞులొక 40 సెంటీమీటర్ల మేకును పంపిరి. నేలను తొలుచు జంతువు పేరు దానికి పెట్టిరి. మనము పందికొక్కు అనుకొందము. మోటారు లోపలి స్ప్రింగును నొక్కి విడుచును. సుత్తి ముందునకు దూకి మేకును కొట్టును. అయిదు మీటర్ల వరకు దిగవలెనని ఆశ.

బొగ్గు గోడకు డ్రిల్లు పట్టు కార్మికునికి తెలియును, ప్రతి దెబ్బకును ఎదురుదెబ్బ ఉండునని. దానిని అతని భుజము, ఛాతీ, కాళ్లక్రింది నేల ఓర్చుకొనును. మేకునకు భుజము లేదు. కొంత ఎదురుదెబ్బను లోపలి మెత్తని స్ప్రింగు మ్రింగినను, మిగిలినది చుట్టునున్న మన్ను పట్టి ఆపవలెను. అంగారకుని మన్ను పట్టియుంచక, మేకు చుట్టు గుంట విడిచినది. నౌక చేతితో ప్రక్కనుండి నొక్కిరి, పైనుండి అదిమిరి, మన్ను గీకి గుంటను కప్పిరి. తుదకు మేకు తల నేల మట్టమునకు రెండు మూడు సెంటీమీటర్ల లోతున మునిగినది. అంతకు మించి సాగలేదు. 2021 జనవరి 9న కడపటి ప్రయత్నముగా అయిదువందల దెబ్బలు కొట్టించి, ఆ పని విరమించిరి. ఆ అయిదువందల మారులును స్ప్రింగు నొక్కబడినది, విడివడినది, సుత్తి దూకినది.