తూకానికి లొంగని మందు

1838 నవంబరు 6. కలకత్తా మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో కీళ్లవాతంతో మంచం పట్టిన ముగ్గురు రోగులకు తలా ఒక గ్రెయిన్ గంజాయి బంక కరిగించి తాగించారు. గ్రెయిన్ అంటే ఇప్పటి లెక్కలో 65 మిల్లీగ్రాములు. మందు పడింది మధ్యాహ్నం 2 గంటలకు. 4 గంటలకల్లా ఒకతను గలగలా మాట్లాడుతూ, పాటలు పాడుతూ, ఇంకాస్త అన్నం పెట్టమని కేకలు మొదలుపెట్టాడు. 6 గంటలకు కునుకు పట్టింది. 8 గంటలకు డ్యూటీలో ఉన్న క్లర్కు అర్జెంటుగా చీటీ పంపితే డాక్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. రోగి పిలిచినా పలకడం లేదు. చెయ్యి ఎత్తి వదిలితే అది ఎత్తినచోటే నిలిచిపోతోంది. ఇంకొకతనికీ మత్తు పట్టింది. మూడో మనిషికి మాత్రం ఏమీ కాలేదు. ఆరా తీస్తే అతను చిలుములో గంజాయి పీల్చే అలవాటున్నవాడని తేలింది. మత్తు దిగాక మొదటి ఇద్దరికీ కీళ్లనొప్పులు బాగా తగ్గాయని డాక్టరు రాసుకున్నాడు.

ఆయన పేరు విలియం బ్రూక్ ఓషానెసీ. ఐర్లండులోని లిమరిక్‌లో పుట్టి, ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు. మన దేశంలో టెలిగ్రాఫు తీగలు వేయించిన ఓషానెసీ కూడా ఈయనే. కలకత్తా బజారులో దొరికే గంజాయిని, నేపాల్ నుంచి వచ్చే చరస్‌ను ఆయన తెచ్చుకున్నాడు. పండితులనూ హకీములనూ అడిగి పాత వైద్య గ్రంథాల్లో దాని గురించి ఏముందో తెలుసుకున్నాడు. ముందు కుక్కల మీద పరీక్షించి, ఆ తర్వాతే మనుషులకిచ్చాడు. ఈ దేశంలో తరతరాలుగా వాడుతున్న మందును ఆయన కనిపెట్టాడని ఎవరైనా రాస్తే అది తప్పు. కానీ ఎంత ఇచ్చాం, ఎన్ని గంటలకు ఏం జరిగింది, ఎక్కడ భయమేసింది అని దాచకుండా రాసిపెట్టినవాడు ఆయన. 1839లో వెలువడిన ఆ పత్రం ద్వారానే పశ్చిమ దేశాల వైద్యులకు గంజాయి మందుగా పరిచయమైంది.

అందులో నన్ను కదిలించిన కేసు ఒక హకీముది. పిచ్చికుక్క కరిచిన మూడు వారాలకు ఓషానెసీ దగ్గరికి వచ్చాడు. అప్పటికే నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోతోంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు ఆనాడు లేదు, ఈనాటికీ లేనట్టే. ఓషానెసీకి ఆ సంగతి తెలుసు. అయినా గంజాయి బంక ఇచ్చాడు. రోగి నారింజ తొనల రసం చప్పరించగలిగాడు, అన్నం మెతుకులు మింగగలిగాడు. కొద్ది రోజులకు పోయాడు, కానీ ఆ జబ్బుతో పోయేవాళ్లు పడే నరకం పడలేదు. నయం చేయలేని రోగంలోంచి భయానక బాధనైనా తీసేయగలిగితే వైద్యుడి పని వ్యర్థం కాదన్న భావం ఓషానెసీ రాతలో ఉంది. క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఇప్పుడు ఉపశమన చికిత్స అంటున్నది దీన్నే.

సెలవు మీద ఇంగ్లండు వెళ్తూ ఆయన గంజాయి కూడా పట్టుకెళ్లాడు. లండన్‌లో పీటర్ స్క్వయర్ అనే మందుల వ్యాపారి దానితో టించర్ తయారుచేశాడు. విక్టోరియా రాణి వైద్యుల్లో ఒకరైన రస్సెల్ రేనాల్డ్స్ ముప్పయ్యేళ్ల అనుభవంతో 1890లో ‘లాన్సెట్’ పత్రికలో రాస్తూ, నరాల పోట్లకు, మైగ్రేన్ తలనొప్పికి ఇది విలువైన మందన్నాడు. ఒక సీసాకూ మరో సీసాకూ బలం ఒకలా ఉండదు కాబట్టి అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టమని హెచ్చరించాడు కూడా. గంజాయికి అసలు చిక్కు ఇక్కడే వచ్చింది.

నల్లమందుకు ఆ చిక్కు అప్పటికే తీరిపోయింది. జర్మనీలో సెర్టూర్నర్ అనే యువ ఫార్మసిస్టు 19వ శతాబ్దం తొలి ఏళ్లలోనే నల్లమందులోంచి మార్ఫిన్‌ను వేరుచేశాడు. 1827 నుంచి మెర్క్ కంపెనీ దాన్ని అమ్మకానికి తయారుచేసింది. 1853లో సూదిమందు సిరంజి వచ్చింది. మార్ఫిన్ లవణం నీళ్లలో కరుగుతుంది, తూకం వేసి ఎక్కించవచ్చు, నిమిషాల్లో నొప్పి దిగుతుంది. గంజాయి బంక నీళ్లలో కరగదు కాబట్టి సూదిలోకి ఎక్కదు. అందులోని అసలు పదార్థం టీహెచ్‌సీని రాఫెల్ మెషూలమ్, యెహియెల్ గావోని ఇజ్రాయెల్‌లో శుద్ధంగా వేరుచేసింది 1964లో. అంటే మార్ఫిన్ కంటే సుమారు నూట అరవై ఏళ్లు వెనక. ఈలోగా ఆస్పిరిన్ మాత్రలూ వచ్చేశాయి. రోగి నొప్పి ఏ మందుతో ఎంత తగ్గుతుందని పక్కపక్కన పెట్టి ఎవరూ సరిగా తేల్చకముందే, తూకానికి లొంగిన మందు గెలిచింది.

అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం గంజాయిని గుడ్డిగా చూడలేదు. 1893లో వేసిన గంజాయి విచారణ సంఘం 1,193 మంది సాక్షులను విచారించి మరుసటి ఏడాది ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, పూర్తి నిషేధం అవసరం లేదని తేల్చింది. బ్రిటిష్ పాలనలో బాపట్ల ప్రాంతంలోని సంతరావూరులో సర్కారు లైసెన్సుతో గంజాయి పండించారు. నల్లమందు మీద కూడా 1893లోనే రాయల్ కమిషన్ వేశారు. ఖజానాకు రెండిటి నుంచీ రాబడి ఉంది, కాబట్టి ఆ నివేదికలను చదివేటప్పుడు ఆ రాబడినీ గుర్తుపెట్టుకోవాలి. అయినా అంతమందిని ఓపికగా అడిగి తెలుసుకున్న తీరు ఈనాటికీ మెచ్చదగ్గది.

తర్వాతి శతాబ్దంలో అడగడం తగ్గి భయం పెరిగింది. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం గంజాయిని హెరాయిన్‌తో పాటు అతి కఠినమైన జాబితాలో చేర్చింది. మన పార్లమెంటు 1985లో మత్తుమందుల నియంత్రణకు ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చింది. ఆ చట్టం గంజాయి పూతను నిషేధించి, భంగుకు వాడే ఆకును వదిలిపెట్టింది. దాని దెబ్బ ఎక్కువగా పడింది మాత్రం మార్ఫిన్ మీద. లైసెన్సు మీద లైసెన్సు, చిన్న పొరపాటుకూ జైలు భయం. చాలా ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ పెట్టుకోవడమే మానేశాయి. 1997 నాటికి దేశం మొత్తం వైద్యానికి వాడిన మార్ఫిన్ 18 కిలోలకు పడిపోయింది. ప్రపంచానికి చట్టబద్ధంగా నల్లమందు పండించి ఇచ్చే దేశంలో క్యాన్సర్ రోగులు మార్ఫిన్ దొరక్క అరుస్తూ చనిపోయారు. ఒక తరం వైద్యులు దాన్ని ఒక్కసారైనా రాయకుండానే ప్రాక్టీసు చేశారు. మత్తును అరికట్టే పేరుతో జరిగిన ఈ క్రూరత్వాన్ని మన చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా చెప్పరు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి పోరాడాక 2014లో చట్టాన్ని సవరించారు.

ఇక ఈ రెండు మందులూ ఒంట్లో చేసే పని. నల్లమందు జాతి మందులు పట్టుకునే గ్రాహకాలను 1973లో గుర్తించారు. వెన్నుపాములో, మెదడులో నొప్పి కబురును అవి అణచేస్తాయి. అయితే మెదడు అడుగున ఊపిరిని నడిపే భాగంలోనూ అవే గ్రాహకాలున్నాయి. అందుకే మోతాదు మించితే ఊపిరి ఆగుతుంది. గంజాయి గ్రాహకాన్ని 1988లో గుర్తించారు. ఊపిరిని నడిపే ఆ భాగంలో ఈ గ్రాహకాలు చాలా తక్కువ. గంజాయి మోతాదు మించితే భయం, భ్రమ, గుండెదడ రావచ్చు, మార్ఫిన్‌లా ఊపిరి మాత్రం ఆపదు. గంజాయి పక్షాన చెప్పగల అతి బలమైన మాట ఇదే.

కానీ నొప్పిని తగ్గించే బలం వేరే సంగతి. 1975లో అమెరికాలో 36 మంది క్యాన్సర్ రోగులపై టీహెచ్‌సీని కోడీన్‌తో పోల్చిచూశారు. 20 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ 120 మిల్లీగ్రాముల కోడీన్‌తో సమానంగా పనిచేసింది. కానీ ఆ మోతాదులో రోగులు మగతలో మునిగిపోయారు, నడక తూలింది, చూపు మసకబారింది. కోడీన్ నల్లమందులోని బలహీనమైన మందు, మార్ఫిన్‌తో పోలికే లేదు. మార్ఫిన్‌కు లొంగని క్యాన్సర్ నొప్పికి గంజాయి స్ప్రే తోడుగా ఇచ్చి చేసిన పెద్ద పరీక్షలు కూడా ఆశించిన ఫలితం చూపలేదు. దీర్ఘకాలిక నొప్పిలో కొంత మేలుందని 2017లో అమెరికా జాతీయ అకాడమీలు చెప్పాయి. ఉన్న ఆధారాలు చాలవంటూ 2021లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పికి గంజాయి వాడకాన్ని సమర్థించడానికి ఒప్పుకోలేదు.

అమెరికాలో 1996లో ఆక్సీకాంటిన్ అనే నల్లమందు జాతి మాత్ర వచ్చాక, దానితో వ్యసనం ముప్పు తక్కువని తయారీ కంపెనీ నమ్మబలికింది. 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. ఓపియాయిడ్ల (నల్లమందు జాతి మందుల) వ్యసనం, మరణాల విపత్తు నుంచి గంజాయి గట్టెక్కిస్తుందన్న ఆశ 2014లో పుట్టింది. వైద్యానికి గంజాయిని అనుమతించిన రాష్ట్రాల్లో ఓపియాయిడ్ మరణాలు దాదాపు 25 శాతం తక్కువని అప్పటి అధ్యయనం చెప్పింది. 2019లో మరికొందరు అదే పద్ధతిలో 2017 వరకు లెక్క కడితే ఫలితం తలకిందులైంది, మరణాలు దాదాపు 23 శాతం ఎక్కువ కనిపించాయి. రాష్ట్రాల సగటు లెక్కలతో మంచం మీదున్న రోగికి ఏ మందు ఇవ్వాలో తేలదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి గంజాయిని ఆ కఠిన జాబితా నుంచి తీసేసింది. 27–25 తేడాతో నెగ్గిన ఆ ఓటింగులో భారత్ అనుకూలంగా ఓటేసింది. పరిశోధనకు తలుపు తెరిచినందుకు నాకు సంతోషమే, మందుల షాపులో పెట్టడానికి మాత్రం ఈ ఆధారం చాలదు.

ఈలోగా గంజాయి ఆకు నూనెలను ఆయుర్వేద లైసెన్సుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవాళ్లు ఆ ప్రకటనలు చూసి మార్ఫిన్ మాన్పించవద్దు. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన విభాగంలో నోటితో వేసుకునే మార్ఫిన్ ఇస్తున్నారు. మామూలు మాత్ర పనిచేసేది నాలుగు గంటలే, కాబట్టి నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా వేళకు వేయాలి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, దానికి మందు మొదటి రోజే అడగాలి. మార్ఫిన్ రాశారంటే ఇక రోజులు దగ్గరపడ్డాయని కాదు. నొప్పి తగ్గి అన్నం తిని, నిద్రపోయి, చికిత్సకు తట్టుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. మీ డాక్టరు మార్ఫిన్ మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి.