గ్రామాభివృద్ధి కమిటీలు (నిజామాబాద్ జిల్లా)

నిజామాబాద్ జిల్లాలో, ముఖ్యంగా ఆర్మూర్, బాల్కొండ, బోధన్ ప్రాంతాల ఊళ్లలో, రైతులూ కులపెద్దలూ కలిసి నడుపుకునే సంస్థ గ్రామాభివృద్ధి కమిటీ. వాడుకలో వీడీసీ. సాధారణంగా కులానికి ఒకరో ఇద్దరో సభ్యులుంటారు. పంచాయతీరాజ్ చట్టంలో దీనికి చోటు లేదు. అయినా చాలా ఊళ్లలో సర్పంచి మాటకన్నా కమిటీ మాటే చెల్లుతుంది.

దాని బలమంతా వేలంపాటలో ఉంది. ఇసుక తోలడానికి, కల్లు, మద్యం, కోడిమాంసం అమ్మడానికి ఊళ్లో హక్కు ఎవరిదో పాటలో తేలుతుంది. ఆ సొమ్ముతో గుడి కడతారు, బడికి గది వేస్తారు, పంతుళ్లు చాలనిచోట విద్యా వలంటీర్లకు జీతమిస్తారు. సర్కారు నిధుల కోసం ఏళ్లతరబడి ఎదురుచూడకుండా పని చేసుకోవడం చిన్న సంగతి కాదు. ఎర్రజొన్న విత్తన పంటలోనూ ఈ ఐకమత్యం అక్కరకొస్తుంది. విత్తన వ్యాపారితో ఒంటరి రైతు ధర తెంపలేడు. ఊరంతా కూర్చుంటే వ్యాపారే దిగివస్తాడు. ఆర్మూర్ దగ్గరి అంకాపూర్ ఇలాంటి కట్టుబాటుకు పేరుపొందింది.

బోధన్ చెరకు ప్రాంతంలో ఈ బలానికి హద్దు కనిపించింది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఇక్కడ చెరకు విస్తరించింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొంది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు రైతు వరివైపు మళ్లాడు. ఫ్యాక్టరీ తెరిపించడం ఏ ఒక్క ఊరి కమిటీకీ అందే పని కాదు. ఆ పోరాటాన్ని రైతు, కార్మిక సంఘాలు భుజానికెత్తుకున్నాయి.

ఇక కమిటీల లోపాల సంగతి. 1867లో అమెరికాలో పుట్టిన గ్రేంజ్ అనే రైతు సంఘం మొదటినుంచీ ఆడవాళ్లకు సమాన సభ్యత్వమిచ్చింది. వీడీసీలు మాత్రం ఇప్పటికీ ప్రధానంగా మగవాళ్ల సభలే. అంతకన్నా పెద్ద లోపం వెలి. కమిటీ వేసిన జరిమానా కట్టనివారితో, దాని తీర్మానాన్ని కాదన్నవారితో మాట్లాడొద్దని, వారికి కిరాణా అమ్మొద్దని, వారి పొలం పనికి పోవద్దని కట్టడి చేసిన ఉదంతాలు ఈ జిల్లా నుంచి పదేపదే వార్తలకెక్కాయి. ఇలా చేసే హక్కు ఏ కమిటీకీ లేదు. దళితులను, గిరిజనులను సాంఘికంగా బహిష్కరించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం నేరం. సరిహద్దుకు ఆవలి మహారాష్ట్రలోనైతే ఏ కులంవారిని వెలివేసినా నేరమేనని 2016లో అక్కడి శాసనసభ చట్టం చేసింది.