వేసవి శిబిరమూ మన అధ్యయనకాలమూ

చైత్రం గడిచి ఎండలు ముదరగానే ఓరుగల్లు ఆలయాలలో అర్చకులకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: "అయ్యగారూ, పిల్లలకు సెలవులు వచ్చినవి. మన ధర్మం నేర్పే శిబిరం ఏదైనా ఉంటే చెప్పండి." సమాధానానికి ముందు కొంత పూర్వచరిత్ర తెలియవలసి ఉన్నది.

మన సంప్రదాయంలో గ్రీష్మం అధ్యయనానికి ప్రధానకాలం కాదు. వర్షర్తువే ప్రధానం. యజుర్వేదులమైన మేము శ్రావణ పూర్ణిమనాడు ఉపాకర్మ చేసి అధ్యయనం ఆరంభిస్తాము. మనుస్మృతి చతుర్థాధ్యాయం నాలుగున్నర మాసాల అధ్యయనాన్నీ, పుష్యమాసంలో ఉత్సర్జనాన్నీ, అటుపిమ్మట శుక్లపక్షాలలో వేదాన్నీ కృష్ణపక్షాలలో వేదాంగాలనూ విధించినది. అష్టమి, చతుర్దశి, పర్వదినాలు అనధ్యయనాలు. అనగా విరామాలు నెలనెలా ఉండినవి. ఏకంగా ఒక ఋతువంతా సెలవన్నది ఆధునిక పాఠశాలల పద్ధతి.

శిబిరం కూడా దూరదేశం నుండి వచ్చినదే. 1885లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంఘం పక్షాన డడ్లీ అనే ఆయన బాలురను ఆరుబయట బసకు తీసుకొనిపోయెను. 1965 నాటి వలస చట్టం తరువాత అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇదే సమస్య వేరొక రూపంలో వచ్చినది. విగ్రహారాధన చేసే ఇంటి పిల్లవాడు చర్చి నడిపే శిబిరంలో ఏమి విని వస్తాడో అన్న శంక వారిది. 1986లో పెన్సిల్వేనియాలోని సేలర్స్‌బర్గ్‌లో స్వామి దయానంద సరస్వతి స్థాపించిన ఆర్ష విద్యా గురుకులం వంటివి ఆ లోటును కొంత తీర్చినవి.

అయితే ఆశ్రయమిచ్చి, అన్నం పెట్టి, విద్య చెప్పటం మనకు క్రొత్త కాదు. గణపతిదేవుని గురువైన విశ్వేశ్వర శివాచార్యులకు కృష్ణానది దక్షిణతీరాన మందడం, వెలగపూడి గ్రామాలు దానంగా లభించినవి. నేడు సచివాలయమున్న వెలగపూడి అదే! 1261 నాటి మల్కాపురం శాసనం ఆ గోళకీ మఠవ్యవస్థను వివరిస్తున్నది. ఋగ్యజుస్సామవేదాలకు ముగ్గురు ఉపాధ్యాయులు; వ్యాకరణ, తర్క, సాహిత్య, ఆగమాది శాస్త్రాలకు వేరుగా మరికొందరు. వైద్యుడున్నాడు, లెక్కలు వ్రాయు కాయస్థుడున్నాడు, ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉన్నవి. అన్నసత్రంలో చండాలుని వరకు ఎవరికీ నిషేధం లేదు. శాసనకర్తలు పాఠ్యాంశాలతోపాటు వంటవాని జీతమూ ఆలోచించిరి. ఈ అంశమే నాకు మిక్కిలి ముచ్చటగా తోచును.

హైదరాబాదు రామకృష్ణ మఠం, చిన్మయ మిషన్, తిరుమల తిరుపతి దేవస్థానం వేసవిలో బాలబాలికలకు శిక్షణ నిర్వహించిన సంస్థలు. ఎక్కడకు పంపినా ముందు కొన్ని విషయాలు విచారించుకొనండి. బోధించువారు ఎవరు, ఎవరి వద్ద చదివిరి? ఆడపిల్లలకు ప్రత్యేక వసతి ఉన్నదా? మధ్యాహ్నపు ఎండలో పిల్లలను ఎక్కడ కూర్చుండబెడుదురు? జ్వరం వస్తే చూచువారెవరు?

"పదిరోజులలో వేదం" అని కరపత్రం ముద్రించిన చోటికి మాత్రం పంపవద్దు. స్వరం తప్పి అలవడిన మంత్రాన్ని దిద్దటం క్రొత్తగా చెప్పటంకంటె కష్టం. పదిరోజులకు తగినవి వేరే ఉన్నవి: నిత్యస్తోత్రం ఒకటి, రామాయణకథ, పంచాంగం చూడటం, ఆలయంలో ప్రదక్షిణ నమస్కారాల క్రమం. ఉపనీతులైన బాలురకు సంధ్యావందనం. వేదంపై నిజంగా ఆసక్తి కనబరచిన పిల్లవానిని శ్రావణ పూర్ణిమకు సమీపంలోని వేదపండితుని వద్దకు తీసుకొనిపోండి.