గాలికి వాటా లేదు

నార్వే నిపుణులు 1953లో కేరళ తీరంలోని నీండకరకు వచ్చారు. అప్పటికింకా అది తిరువాన్కూరు-కొచ్చిన్ రాష్ట్రం. జాలరి దగ్గరున్న పడవకే ఇంజను బిగిస్తే దూరం పోతాడు, ఎక్కువ చేపలు పడతాడు, నాలుగు రాళ్లు వెనకేసుకుంటాడు అన్నది వాళ్ల ఆలోచన. ఐక్యరాజ్య సమితి, భారత్, నార్వే 1952 అక్టోబరులో సంతకాలు చేసిన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు ఇది. మరో దేశపు అభివృద్ధి కోసం నార్వే చేపట్టిన మొట్టమొదటి పథకం కూడా ఇదే. నీండకర, శక్తికుళంగర, పుత్తన్‌తుర గ్రామాల్లో పని మొదలైంది. ఇంజన్లు వచ్చాయి గానీ పడవలు వాటిని మోయలేకపోయాయి. దుంగను తొలిచి చేసిన వంజికి ఆ బరువు, ఆ అదురు పడలేదు. చివరికి ఆ ప్రయత్నం మానుకుని, డెక్కు ఉన్న చిన్న బోట్లు కొత్తగా కట్టించారు. అష్టముడి కాయల్ సముద్రంలో కలిసే మొగ నీండకర దగ్గరే ఉంది కాబట్టి, ఆ బోట్లు నిలవడానికి చోటు దొరికింది.

ఈ చరిత్ర రాసినవాళ్లలో చాలామంది ఇక్కణ్నుంచి నేరుగా రొయ్యల ఎగుమతులకు వెళ్లిపోతారు. నాకు ఆ మొదటి వైఫల్యం దగ్గరే ఆగాలనిపిస్తుంది. పాత పడవ ఇంజనును ఒప్పుకోకపోవడాన్ని వెనకబాటుతనం అనుకున్నారు. నిజానికి ఆ పడవ తన ఒడ్డుకు తగ్గట్టు తయారైంది. ఆ ఒడ్డు సంగతి జాలరికి తెలిసినంతగా ఇంజను తెచ్చినవాళ్లకు తెలియదు.

మన తీరంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. ఎన్నో ఏళ్లుగా 974 కిలోమీటర్లని లెక్క చెప్పుకున్న ఆంధ్ర తీరంలో సహజమైన రేవులు బహు తక్కువ. ఎక్కువ ఊళ్లకు ఉన్నది ఇసుక ఒడ్డు, దాని ముందు విరిగిపడే కెరటాలు. ఆ కెరటాలను దాటడానికి పుట్టినవే తెప్ప, మసూలా పడవ. తెప్ప అంటే తాళ్లతో కట్టిన దుంగలు. నీళ్లు నిండడానికి దానికి లోపలి భాగమంటూ లేదు. మీదికొచ్చిన కెరటం దుంగల సందుల్లోంచి జారిపోతుంది. వేట అయ్యాక తాళ్లు విప్పి దుంగలను ఒడ్డున ఆరబెట్టుకోవచ్చు. మసూలా పడవను మేకులు కొట్టకుండా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టి తయారుచేస్తారు. లోపల బిగువైన చట్రం ఉండదు కాబట్టి కెరటం కొడితే వంగుతుంది, మళ్లీ లేస్తుంది. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణం మీద రాసినప్పుడు ఈ రెండింటినీ శ్రద్ధగా పట్టించుకున్నాడు.

వీటికి ఇంజను ఎక్కడ పెట్టాలి? తెప్ప మీద పెడితే ప్రతి కెరటానికీ తడుస్తుంది. కుట్టు పడవలో పెడితే అదురుకు కుట్లు సడలుతాయి. ఎక్కడ పెట్టినా, అడుగున తిరిగే ప్రొపెల్లరు ఒడ్డుకు రాగానే ఇసుకలో దిగబడుతుంది.

అందుకే గాలే ఆధారమైంది. తెల్లవారుజామున నేల చల్లబడి గాలి సముద్రం వైపు వీస్తుంది. తెరచాప ఎత్తి దాంతో పాటు బయల్దేరాలి. ఎండెక్కాక గాలి మళ్లి ఒడ్డు వైపు కొడుతుంది. దాన్ని పట్టుకుని ఇంటికి రావాలి. ఆ రెండు గాలుల నడుమ ఎంత దూరం పోగలిగితే అంతే వేట. గాలి పడిపోతే తెడ్డు వేయాలి, ఎండలో, గంటల తరబడి. పట్టిన చేప ఈలోగా మెత్తబడుతుంది, ధర పడిపోతుంది. తెరచాప కాలాన్ని తలుచుకుని మురిసిపోయేవాళ్లు ఈ తెడ్డు సంగతి మరిచిపోకూడదు.

మన దగ్గర ఇంజను నిలదొక్కుకోవడానికి కెరటాల పోటు లేని చోట్లు అనువయ్యాయి. కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండ్ అడ్డుగా ఉంది, లోపల నీరు నెమ్మదిగా ఉంటుంది. విశాఖలో పెద్ద ఓడరేవు 1933 నుంచీ ఉంది, చేపల బోట్ల కోసం వేరుగా హార్బరు 1970ల్లో వచ్చింది. మరబోట్లు అక్కడ చేరాయి. రొయ్యకు విదేశాల్లో ధర పలకడంతో ట్రాల్ వలలు వచ్చాయి. హార్బరు లేని ఊళ్లు చాలాకాలం తెరచాపతోనే ఉండిపోయాయి. అక్కడి కుర్రాళ్లు బోట్ల మీద కళాసీలుగా కుదిరారు.

ఆ ఇసుక ఒడ్డు ఊళ్ల కోసం ఒక గట్టి ప్రయత్నం 1980ల్లో జరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఆధ్వర్యంలో, స్వీడన్ సాయంతో 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం, కాకినాడకు దగ్గరున్న ఉప్పాడను పరీక్షలకు ఎంచుకుంది. అక్కడ ఒడ్డుకు లాగగలిగే కొత్త రకం పడవలను నడిపి చూశారు. డీజిల్ ఇంజనును నీళ్లు చొరని పెట్టెలో బిగించారు. ఒడ్డు దగ్గరపడగానే ఆ పెట్టెను వంచితే ప్రొపెల్లరు, చుక్కాని పైకి లేస్తాయి. నీండకరలో ఎదురైన చిక్కుకు మూడు దశాబ్దాల తర్వాత దొరికిన జవాబు ఇది. ఇంజను కోసం ఒడ్డును వదులుకోకుండా, ఒడ్డు కోసం ఇంజనును మార్చారు. ఆ పడవలు ధరలో మాత్రం తెప్పకు అందనంత దూరంలో ఉన్నాయి.

అసలు మార్పు ఈ డబ్బు దగ్గరే వచ్చింది. తెరచాప రోజుల్లో వేట పంపకం తేలిక. పడవకింత, వలకింత, మనిషికింత. ఖర్చులో గాలి లెక్కే లేదు. ఇంజను వచ్చాక ముందు నూనె ఖర్చు తీసేయాలి, ఆ పైన ఇంజనుకో వాటా వేయాలి, మిగిలింది మనుషులు పంచుకోవాలి. చేప పడని రోజున తెప్ప మనిషికి పోయేది ఒక పూట కష్టం. మోటారు బోటు మనిషికి కష్టంతో పాటు డీజిల్ డబ్బూ పోతుంది. ఆ డబ్బు షావుకారు అడ్వాన్సుగా ఇస్తాడు, బదులుగా చేప తనకే వేయమంటాడు. ధర చెప్పేదీ అతనే. ఇంజను మీద జరిగిన చర్చలన్నీ వేగం గురించి, దూరం గురించి సాగాయి. ఈ పంపకం మీద అంత చర్చ జరగకపోవడమే జాలరికి జరిగిన అన్యాయమని నా నమ్మకం.

1973లో, మళ్లీ 1979లో ప్రపంచమంతటా చమురు ధరలు పెరిగినప్పుడు ఈ లెక్క అందరికీ తగిలింది. ఒడ్డు పడవల రూపకల్పనలో పాలుపంచుకున్న నార్వే ఇంజినీరు ఓయ్‌విండ్ గుల్‌బ్రాండ్సెన్ ఆ తర్వాత చిన్న పడవల్లో ఇంధనం పొదుపు మీదే పనిచేశాడు. అలాంటి బోటు వేగం 10 శాతం తగ్గిస్తే అదే దూరానికి డీజిల్ దాదాపు ఐదో వంతు మిగులుతుంది. గాలి అనుకూలంగా ఉంటే తెరచాపను కూడా వాడుకోవడం ఈ పొదుపు మార్గాల్లో ఒకటి.

చివరికి మన ఒడ్డున నిలిచింది మరో ఏర్పాటు. థాయ్‌లాండ్ కాలువల్లో పేరుపడ్డ పొడవాటి ఇరుసు మోటారు, ఫైబర్ తెప్ప. మోటారు పైన ఉంటుంది, ప్రొపెల్లరు పొడవాటి ఇరుసు చివర ఉంటుంది. ఒడ్డు రాగానే చేత్తో పైకెత్తేయొచ్చు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత సహాయ సంస్థలు పంచిన ఫైబర్ పడవలతో ఈ మార్పు ఇంకా వేగం పుంజుకుంది. మేలూ జరిగింది. వాయుగుండం కబురు తెలిస్తే మోటారున్నవాడు త్వరగా ఒడ్డుకు చేరగలడు. చేప తాజాగా వస్తుంది. అయినా కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) 2010లో జరిపిన గణనలో మన రాష్ట్రపు పడవల్లో సగానికి పైగా మోటారు లేనివే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం కూడా వాటికి వర్తించదు.

బోట్లు హార్బర్లకు చేరడంతో వేలంపాటలూ అక్కడికే పోయాయి. ఊరి ఒడ్డున మొగుడి తెప్ప ముందు నిలబడి చేపలు అందుకున్న ఆడవాళ్లు, ఇప్పుడు హార్బరులో పెద్ద వ్యాపారులతో పోటీపడి పాట పాడాలి. శ్రీకాకుళం మగవాళ్లయితే దేశం అవతలి ఒడ్డుకు, గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి ట్రాలర్ల మీద పనిచేస్తున్నారు. 2018లో పాకిస్తాన్ పట్టుకుపోయిన ఉత్తరాంధ్ర జాలర్లు అలా వెళ్లినవాళ్లే. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. సొంత తీరంలో బోటు నిలిపే చోటుంటే అంత దూరం పోవాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

ఉప్పాడలో, శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో కొత్త హార్బర్లు తలపెట్టారు. రావాల్సినవే. అయితే నీండకర తీరంలో మరబోట్లు పెరిగేకొద్దీ వాటిలో చాలా భాగం వేట ఎరగని పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయింది. తెప్ప జాలర్లు ఆ బోట్ల మీద ఏళ్ల తరబడి పోరాడారు, ఆ పోరాట ఫలితంగానే 1988లో వానాకాలపు ట్రాలింగ్ నిషేధం వచ్చింది. ఉప్పాడ రేవులో నిలిచే బోట్లు ఎవరి పేరు మీద ఉంటాయో, వాటి డీజిల్‌కు అప్పు ఎవరిస్తారో మత్స్యశాఖ, మత్స్యకార సొసైటీలు హార్బరు పూర్తికాక ముందే తేల్చాలి.