‘ఐ టోల్డ్ విత్ హిమ్’ - ఒక రేనాటి కథ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి వచ్చిన ఇంజనీర్లు మన ఫీల్డులో తక్కువేమీ లేరు. 2006లో పులివెందులకి జేఎన్టీయూ కాలేజీ వచ్చింది, 2008లో ఆ పక్కనే ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లెటూరి బడుల్లో తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివినవాళ్ళు కూడా నేరుగా కోడింగులోకి వచ్చిపడ్డారు. కోడ్ దగ్గర వీళ్ళలో చాలామందికి ఎదురుండదు. క్లయింటుతో కాల్ అనగానే మాత్రం మ్యూట్ నొక్కి మూలకి జరుగుతారు. డిజైన్ తనదే అయినా చెప్పేది పక్కవాడు. ఏడాది చివర రేటింగ్ ఎవరికొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆమధ్య ఒక కంపెనీ (పేరెందుకులెండి) శిక్షణ స్లైడు ఒకటి నా కంటపడింది. పైన పెద్దక్షరాలతో ‘మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్’ అని. కింద ఎర్ర రంగులో ‘ఐ టోల్డ్ విత్ హిమ్’, ‘షీ మ్యారీడ్ విత్ మై బ్రదర్’ లాంటివి నాలుగైదు. పక్కన పచ్చ రంగులో సరైన వాక్యాలు. ఆ తప్పు ఎందుకొస్తుందో ఒక్క ముక్క లేదు. మాతృభాష ఏదో జలుబైనట్టు, ఆవిరి పడితే పోతుందన్నట్టు!

తప్పు తప్పే, కాదనను. కానీ బగ్ ఎక్కడ పుట్టిందో చూడకుండా ఫిక్స్ చేసేస్తే అది ఇంకోచోట తేలుతుందని మనకి తెలియంది కాదు. ఈ బగ్ మూలం వెతుక్కుంటూ వెళితే పద్నాలుగు వందల యేళ్ళ వెనక్కి, మళ్ళీ ఆ ఊళ్ళ మధ్యకే చేరతాం.

ఈ మూడూళ్ళూ ఉన్న ప్రాంతానికి పాతపేరు రేనాడు. రేనాటి చోళులు ఏలిన నేల. ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో దొరికిన ధనంజయుడి శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. మనకి దొరికిన పూర్తి తెలుగు శాసనాల్లో ఇదే మొదటిదని పండితులు లెక్కేస్తారు. అందులో ‘చిఱుంబూరి’ అని ఒక మాటుంది. ఆ ఊరి పేరు చిఱుంబూరు. ‘చిఱుంబూరుకి చెందిన’ అని చెప్పడానికి చివరి ‘రు’ని ‘రి’ చేశారు, అంతే. మనం ఇప్పుడు ‘ప్రొద్దుటూరి కుర్రాళ్ళు’ అంటున్నప్పుడు చేసేదీ సరిగ్గా అదే. పద్నాలుగు శతాబ్దాలుగా ఒక్క అక్షరం కూడా మారని రూలు! ఆ రూలు చెప్పేదేమిటంటే, తెలుగులో ఎవరికి ఎవరితో ఏమి సంబంధమన్నది నామవాచకం తోకలో ఉంటుంది. ఊరి, ఊరికి, ఊరితో, ఊరినుంచి. క్రియకి ఆ బాధ్యత పెద్దగా లేదు.

ఇప్పుడు ‘తో’ దగ్గరికొద్దాం. బళ్ళో డు ము వు లు అంటూ బట్టీ పట్టాం కదా, అందులో తృతీయా విభక్తి చేతన్, చేన్, తోడన్, తోన్. ఈ ‘తోడన్’ ఎక్కడిదో కాదు, మన ‘తోడు’. ‘వాడితో వచ్చాను’ అంటే వాడు తోడుగా వచ్చాననే. ‘చేత’ అంటే చెయ్యే. మన విభక్తులు ఒకప్పుడు నిజమైన వస్తువులు, మనుషులు అన్నమాట. తోడబుట్టినవాడు, తోడికోడలు, తోడల్లుడు, ఆఖరికి పాలలో వేసే తోడు, అన్నీ ఆ బాపతే. పోనుపోను వాడుకలో ‘చేత’ పని కూడా ‘తో’ మీదే పడింది. కత్తితో కోశాం, చేత్తో తిన్నాం. ‘ఆయప్పతో చెప్పినా’ అని కడప మనిషి అంటే, చెప్పిన మాటలో ఎదుటి మనిషిని కూడా తోడు చేసుకున్నట్టు. దాన్నే ఇంగ్లీషులోకి మారిస్తే ‘టోల్డ్ విత్ హిమ్’.

మరి ‘విత్’ కథ ఏమిటంటే, అది మొదట్లో తోడు కాదు, పగ! పాత ఇంగ్లీషులో ‘విత్’ అంటే ‘ఎదురుగా, వ్యతిరేకంగా’. తోడుగా అని చెప్పడానికి ‘మిడ్’ అనే వేరే మాట ఉండేది, జర్మన్‌లో ఇప్పటికీ ఉన్న ‘మిట్’కి చుట్టం. తర్వాతి శతాబ్దాల్లో ‘విత్’ మెల్లగా ‘మిడ్’ ఉద్యోగం లాగేసుకుంది. ‘మిడ్’ ఇప్పుడు ‘మిడ్‌వైఫ్’లో మిగిలింది, అంటే కాన్పు సమయంలో స్త్రీకి తోడుండే మనిషి. పాత పగ వాసన ‘విత్‌స్టాండ్’లో, ‘ఫైట్ విత్’లో మిగిలింది.

ఇది మాటల సరదా మాత్రమే అనుకుంటే ఒక వాక్యం చూడండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడింది రేనాటిలోనే. అప్పటికి కోయిలకుంట్ల తాలూకా కడప జిల్లాలో ఉండేది. 1847లో ఆయన్ని కోయిలకుంట్లలో ఉరి తీశారు. ‘ఇంగ్లీషువాళ్ళతో పోరాడాడు’ అని తెలుగులో అంటే ఎవరికీ అనుమానం రాదు. పక్కన నిలబడి పోరాడితే ‘ఇంగ్లీషువాళ్ళతో కలిసి’ అంటాం. ఇంగ్లీషులో ‘హీ ఫాట్ విత్ ద బ్రిటిష్’ అని రాస్తే? ఆయన కంపెనీ పక్షాన యుద్ధం చేశాడని కూడా అర్థం వస్తుంది! ఉరికంబం ఎక్కిన మనిషిని ఒక్క ప్రిపొజిషన్ అవతలి గట్టుకి చేర్చేస్తుంది. అక్కడ ‘అగెనెస్ట్’ అనాలని పిల్లలకి చెప్పేటప్పుడు ‘అది రూలు’ అనేకంటే ఈ కథ చెబితే జన్మలో మరిచిపోరు.

ఇదే గోడకి అవతల వైపు నుంచి తల కొట్టుకున్న ఇంగ్లీషువాడు కూడా కడపలోనే ఉన్నాడు. సి.పి.బ్రౌన్. 1817లో మద్రాసు దిగి, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకుని, 1820లో కడప కలెక్టరు కింద ఉద్యోగానికి వచ్చాడు. తర్వాత కడపలో ఒక బంగళా కొని, జీతాలిచ్చి పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు సరిచేయించాడు. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూడా ఆయనదే. ఆ రెండోది ఎంత చిక్కుపనో ఊహించండి. ‘పుట్’ అంటే పెట్టు. ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకొను. ‘డు’ అంటే చేయు. ‘డు అవే విత్’ అంటే తీసివేయు. ఈ తోకల వల్ల విదేశీయులకి మహా కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు ముందుమాటలో ఒప్పుకున్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు 1925లో గానీ పుస్తకానికెక్కలేదు.

పై తెలుగు మాటల్ని మళ్ళీ చూడండి. ఓర్చు+కొను, తీసి+వేయు. ఇంగ్లీషు క్రియ వెనక ప్రిపొజిషన్ చేసే పనిని మన దగ్గర రెండో క్రియ చేస్తోంది. ‘వానితో నాకు పడదు’ అంటాం, ఇంగ్లీషులో దానికి ‘గెట్ అలాంగ్ విత్’ అని మూడు మాటలు కావాలి. మనం ‘పడు’ ఒక్కదాన్నే ఎన్ని పనులకి వాడతాం! భయపడు, రాజీపడు, తోడ్పడు. విదేశీయుడు వీటిని నేర్చుకోవడం మనం ‘గెట్’ నేర్చుకోవడం కంటే సులువేమీ కాదు. అయినా బ్రౌన్ దొర తెలుగులో తప్పులు మాట్లాడి ఉంటే కడప కచేరీలో ఎవరైనా ఆయనకి ఎర్ర రంగు స్లైడు చూపించి ఉంటారంటారా? :)

ఇంకో సంగతి. ఆఫీసులో మన మాటలు ఎప్పుడైనా గమనించారా? లాగిన్ అవ్వు, సెటప్ చెయ్యి, ఫాలో అప్ చెయ్యి. వీటిలో ఇన్, అప్ క్రియతో పాటే మనింటికి వచ్చేశాయి. మరి ‘డీల్ విత్’? ‘ఆ క్లయింటుని డీల్ చెయ్యడం నా వల్ల కాదు’ అంటాం. ‘విత్’ గుమ్మం బయటే ఆగిపోయింది, దాని బదులు క్లయింటుకి మన ‘ని’ తగిలించాం. ‘టెస్టింగ్ వాళ్ళతో కోఆర్డినేట్ చేసుకో’ అన్నప్పుడు కూడా అంతే, ‘విత్’ పోయి ‘తో’ వచ్చింది, అదీ ‘వాళ్ళు’ వెనక్కి. అంటే ఏ తోక క్రియది, ఏ తోక నామవాచకానిది అన్న తేడా మనకి ఎవరూ నేర్పకుండానే తెలుసు. మ్యూట్ నొక్కి కూర్చున్న ఆ పులివెందుల పిల్లాడికి కూడా తెలుసు. ఇంగ్లీషు వైపు నుంచి కూడా అదే తేడా ఉందని, ‘టెల్’ అనే క్రియకి మనిషి నేరుగా తగులుతాడని, మధ్యలో తోడు అవసరం లేదని వాడికి ఎవరైనా తెలుగులో ఓ పది నిమిషాలు చెబితే చాలు. అరగంట స్లైడ్ల కంటే అదే నయం.

ఇంతకీ జమ్మలమడుగు వైపు వాళ్ళెవరైనా చెప్పాలి, ‘ఆయప్పతో చెప్పినా’ ఎక్కువ వినిపిస్తుందా, ‘ఆయప్పకు చెప్పినా’ ఎక్కువా?