ఎగిరే యంత్రానికి ఏ బోర్డు? – ఒక చిన్న చరిత్ర

నవోదయ విద్యాలయం ఉన్న ఊరు కనుక మా చొప్పదండిలో యంత్రాల మీద ఆసక్తి గల కుర్రాళ్లకు కొదవ లేదు. సొంతంగా డ్రోను కట్టుకోవాలనుకునేవారు నన్ను మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ బోర్డు కొనాలె?" ఫ్లైట్ కంట్రోలర్ గురించి వారి ప్రశ్న. ఏది వేగం, ఏది చవక అన్నవి నా దృష్టిలో తరువాతి సంగతులు. నాట్లు వేసే పొలాల పక్కన కిలోన్నర బరువున్న వస్తువు ఎగురుతున్నప్పుడు దాని బుర్ర క్షణకాలం మొద్దుబారితే ఏమవుతుంది? అందుకు జవాబు పెట్టె మీది అంకెల్లో దొరకదు. ఆ బోర్డు పుట్టుపూర్వోత్తరాల్లో వెతకాలి.

ఇంజను ఆగినా విమానం రెక్కల బలంతో కాసేపు తేలుతుంది. నాలుగు మోటార్ల యంత్రానికి ఆ భాగ్యం లేదు. క్షణానికి వందలసార్లు వంపును కొలిచి, ఏ మోటారు ఎంత తిరగాలో బోర్డు చెబుతూ ఉండాలి. ఆ కొలత కొలిచే గైరోలు సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది సెల్‌ఫోన్ల వల్ల, ఆటవస్తువుల వల్ల. 2010లో వచ్చిన మల్టీవీ పేరులోనే ఆ కథ ఉంది. అలెగ్జాండర్ దుబుస్ నింటెండో వీ ఆటయంత్రపు చేతిపిడికి తగిలించే పరికరంలోని గైరోను తీసి ఆర్డుయినోకు కలిపాడు. బేస్‌ఫ్లైట్, క్లీన్‌ఫ్లైట్, బీటాఫ్లైట్ ఆ వంశంలోనివే. పందెపు డ్రోన్లకు అవి చక్కగా సరిపోతాయి.

రెండో వంశం ఆర్డుపైలట్‌ది. క్రిస్ ఆండర్సన్ 2007లో డీఐవై డ్రోన్స్ స్థాపించాడు. జోర్డి మున్యోజ్‌తో కలిసి 2009లో మొదటి బోర్డు తెచ్చాడు. దాని సంతతిలోని ఏపీఎం 2.5లో దిక్సూచి బోర్డు మీదే ఉండేది. పక్కనే పోయే కరెంటు తీగల అయస్కాంత ప్రభావానికి అది దిక్కు తప్పేది. అందుకే 2.6లో దిక్సూచిని బోర్డు నుంచి తీసి దూరంగా పెట్టమన్నారు. 16 మెగాహెర్ట్జ్ వేగం, 256 కిలోబైట్ల చోటు ఉన్న ఆ చిప్పులో కొత్త ప్రోగ్రాములు పట్టక, కాప్టర్ 3.2 వరుసతో దాని ప్రయాణం ముగిసింది. చవక కదా అని ఇవాళ దాన్ని కొనవద్దనే నా సలహా.

జూరిచ్‌లోని ఈటీహెచ్‌లో 2008లో లోరెంజ్ మేయర్ మొదలుపెట్టిన విద్యార్థి ప్రయత్నం 2013 నాటికి పిక్స్‌హాక్ బోర్డుగా స్థిరపడింది. రెండు వేర్వేరు రకాల గైరోలు, ఆపదకాలానికి ఒక రెండో ప్రాసెసరు దాని ప్రత్యేకతలు. ఈ రెండో ప్రాసెసరు గురించి అమ్మకందార్లు గొప్పగా చెబుతారు. ముఖ్య ప్రాసెసరు ఆగినా రిమోటు ఆజ్ఞలను అందించి రెక్కల విమానాన్ని అది గట్టెక్కించగలదు. నాలుగు మోటార్లదాన్ని మాత్రం కాదు, నిలకడ లెక్క కట్టే బుర్రే పోయింది కదా! మనకు నిజంగా ఆసరా ఇచ్చేది రెండో గైరో. అంతకన్నా విలువైనది మెమరీ కార్డులో మిగిలే లాగ్. పడిపోయిన యంత్రం ఎందుకు పడిందో అదే చెబుతుంది.

పిక్స్‌హాక్ నమూనా బహిరంగం కనుక ఎవరైనా తయారు చేయవచ్చు. ఈ ఔదార్యమే కొనేవాడికి చిక్కు తెచ్చింది: ఒకే పేరుతో పలు నాణ్యతల బోర్డులు. తొలినాళ్ల ఎస్‌టీఎం32ఎఫ్427 చిప్పులో ఒక లోపం ఉండేది. 2 మెగాబైట్ల చోటున్నా 1 మెగాబైటే భద్రంగా వాడుకోవాలి. నేను తెప్పించుకున్న ఒక నకలు బోర్డులోనూ అదే చిప్పు తేలింది; అమ్మినవారు ఆ ముక్క చెప్పలేదు.

2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించినా విడిభాగాలను వదిలేసింది. కనుక కట్టుకునేవాడికి ఎంపిక బాధ్యత ఇంకా పెరిగింది. నా లెక్క ఇది: 250 గ్రాముల లోపు ఆటయంత్రానికి ఒక గైరో ఉన్న బీటాఫ్లైట్ బోర్డు చాలు. బరువైనదానికి రెండు గైరోలు, లాగ్ రాసుకునే కార్డు, ఆర్డుపైలట్ వారి జాబితాలో పేరు ఉండాలి. కొన్నవెంటనే చిప్పు చోటెంతో చూసుకోవాలి.

ఇంకొకటి, మన ఎండలకు సంబంధించింది. పిక్స్‌హాక్‌లో ఎత్తును కొలిచే ఎంఎస్5611 వాయుపీడన చిప్పుకు వెలుతురంటే పడదు. నేరుగా ఎండ తగిలితే తప్పుడు ఎత్తు చూపిస్తుంది. పై మూత లేకుండా ఎగరేసేవారు దాని మీద చిన్న నల్లటి స్పాంజి ముక్క కప్పాలి.